ఫారం 4 ఎక్కడ ఆగిపోతోంది?

గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు. సంస్థ ప్యానెల్‌లో ఉన్న న్యాయవాదులకు, పారా లీగల్ వాలంటీర్లకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

కోర్టు దగ్గర ఒక సందులో నాకు జెరాక్స్, జాబ్ టైపింగ్ షాపు ఉంది. ప్లీడరు గుమస్తాలు తెచ్చే డ్రాఫ్టులు టైపు చేస్తాను. వకాలత్‌లు, మెమోలు, అఫిడవిట్లు ప్రింటు తీసి ఇస్తాను. లా చదవలేదు. గృహహింస చట్టం కింద వేసే పిటిషన్లను మా సందులో డీవీసీలంటాం. అవి చాలాకాలంగా టైపు చేస్తున్నాను కాబట్టి ఏ పేరా తర్వాత ఏ పేరా వస్తుందో చూడకుండానే కొట్టగలను. పేర్లు, ఊళ్లు, తేదీలు మారతాయి. "పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లు బాగానే చూసుకున్నాడు" అన్న వాక్యం మాత్రం దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది.

ఆ చట్టం 2005 నాటిది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని రూల్స్ చివర కొన్ని ఫారాలు జతచేశారు. ఫారం 1 అంటే ఇంట్లో ఏం జరిగిందో రక్షణాధికారి, అంటే ఈ చట్టం అమలు కోసం ప్రభుత్వం పెట్టిన అధికారి, రాసే నివేదిక, డీఐఆర్ అంటారు. ఫారం 2 మేజిస్ట్రేటుకు పెట్టుకునే అర్జీ. ఫారం 3 వెంటనే ఉత్తర్వు కావాలంటే వేసే అఫిడవిట్. ఈ మూడూ నా షాపుకు వస్తూనే ఉంటాయి. ఫారం 4 పట్టుకొచ్చి కాపీ తీయమన్న మనిషి మాత్రం ఇంతవరకు కనబడలేదు. అందులో ఉండేది బాధితురాలి హక్కుల సమాచారం. ఎదురుగా కూర్చోబెట్టి చెప్తున్నట్టు ఉంటుంది: మీ ఇంట్లో మిమ్మల్ని కొడుతున్నా, బెదిరిస్తున్నా, వేధిస్తున్నా అది గృహహింసే, మీకు ఈ చట్టం కింద రక్షణ అడిగే హక్కు ఉంది అని. స్థానిక భాషలో ఇచ్చేందుకు రూలే వీలు కల్పించింది. మొదటి మూడు ఫారాల్లో ఆమె చెప్తుంది, ప్రభుత్వం వింటుంది. ప్రభుత్వం నోరు తెరిచి ఆమెకు చెప్పాల్సింది ఈ నాలుగోదాంట్లోనే.

అసలు విషయం ఐదో సెక్షన్‌లో ఉంది. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి గానీ, రక్షణాధికారి గానీ, సేవాసంస్థ గానీ, మేజిస్ట్రేటు గానీ ఆ స్త్రీకి కొన్ని సంగతులు చెప్పి తీరాలి అని ఆ సెక్షన్ అంటుంది. ఏ ఏ ఉత్తర్వులు కోరవచ్చో చెప్పాలి. రక్షణాధికారి ఉన్నారని చెప్పాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా న్యాయ సహాయం పొందే హక్కు ఉందని చెప్పాలి. అవసరమైతే క్రిమినల్ కేసు పెట్టుకునే హక్కు కూడా ఉందని చెప్పాలి. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పెట్టే ఆ కేసును అప్పట్లో 498ఎ అనేవాళ్లం, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. ఇక తొమ్మిదో సెక్షన్ రక్షణాధికారికి ఇంకో బాధ్యత పెట్టింది. ఆమెకు న్యాయ సహాయం అందేలా చూడటం, ఫిర్యాదు ఫారం ఉచితంగా ఇవ్వడం. ఇంత స్పష్టంగా ఉంది.

మరి నా కౌంటరు ముందుకొచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఈ మాట ఎప్పుడు తెలుస్తోంది? అన్నీ అయిపోయాక. జబ్బు ముదిరాక మందుచీటీ చేతికిచ్చినట్టు ఉంది మన ఏర్పాటు.

వరస ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. మొదట పుట్టింటికి ఫోను. అమ్మ "సర్దుకుపోవే, పిల్లలున్నారు" అంటుంది. తర్వాత రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. మళ్లీ కాపురానికి పంపిస్తారు. మళ్లీ దెబ్బలు. అప్పుడు స్టేషన్. అక్కడ కేసు రాసేకంటే ముందు కౌన్సెలింగ్. ఒక వారం అతను రాడు, వచ్చిన వారం తల వంచుకుని "ఇంక ముట్టుకోను సార్" అని సంతకం పెడతాడు. ఇంటికెళ్లాక స్టేషన్ గడప ఎక్కినందుకు ఇంకో నాలుగు ఎక్కువ పడతాయి. ఈలోపు ఎవరో తెలిసినాయన ఒక ప్లీడరు పేరు చెప్తాడు. ఫీజు కోసం చెవులకున్నవో చేతికున్నదో తాకట్టుకు వెళ్తాయి. ఆ డబ్బు అయిపోయాక, రెండు మూడు వాయిదాలకు ప్లీడరు రాకపోయాక, కోర్టు వరండాలో పక్కన కూర్చున్న ఇంకో ఆవిడ అంటుంది: "ఏమ్మా, ఫ్రీ లాయర్ని ఇస్తారుగా, అడగలేదా?"

ఐదో సెక్షన్ ఏ ఖాకీ బట్టల మీదో, ఏ ఆఫీసు కుర్చీ మీదో పెట్టిన బాధ్యతను ఆ వరండాలో ఆవిడ మోస్తోంది. నేను కూడా మోస్తున్నాననుకోండి. కాపీలకు చిల్లర లెక్కపెడుతూ "అమ్మా, నీకు ఆదాయం సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆడమనిషివైతే చాలు" అని చెప్పడం నాకు అలవాటైపోయింది. నమ్మరు. తెల్లకార్డు తేవాలా, ఎమ్మార్వో సంతకం కావాలా అని అడుగుతారు. న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్‌లో స్త్రీలు, పిల్లలు అన్న మాట విడిగా ఉంది, వాళ్లకు ఆదాయ పరిమితి లేదు. బ్యాంకు ఉద్యోగి భార్య అయినా, తనే ఉద్యోగం చేస్తున్నా అడగవచ్చు. లక్ష్మీపురంలో పెద్ద అపార్టుమెంటులో ఉండే ఒకావిడకు ఈ సంగతి చెప్తే, "అది బీదవాళ్లకు కదండీ, నేను తీసుకుంటే బాగోదు" అంది. ఆవిడ చేతిలో ఏటీఎం కార్డు కూడా లేదు, ఆటోకి డబ్బులు పక్కింటివాళ్లను అడిగి వచ్చింది. డబ్బు అందకుండా చేయడం కూడా హింసేనని మూడో సెక్షన్ చెప్తుంది. ఇల్లు పెద్దదైతే ఆవిడ బీదది కాకుండా పోతుందా?

ఇక "ఫ్రీ లాయర్ అంటే పట్టించుకోడు" అనే మాట. మా సందులో టీ కొట్టు దగ్గర నుంచి బస్టాండు దాకా అందరి నోటా ఉన్నదే. ప్యానెల్ లాయర్లకు, అంటే ఉచిత కేసుల కోసం సంస్థ జాబితాలో ఉన్నవాళ్లకు, కోపం రావచ్చు గానీ, ఆ అపనమ్మకం ఊరికే పుట్టలేదు. శ్రద్ధగా చేసేవాళ్లు మీలో ఉన్నారు. వాయిదా రోజు పొద్దున్నే నా దగ్గరకొచ్చి తమ జేబులోంచి కాపీల డబ్బులిచ్చి వెళ్లేవాళ్లను చూశాను. ఫైలు ఏ గుమస్తా దగ్గర ఉందో కూడా తెలియనివాళ్లనూ చూశాను. ఎవరు, ఏ ఊరు, ఏ కోర్టు అనేది ఇక్కడ రాయను, రాస్తే ఈ ఉత్తరం వాళ్ల మీద ఫిర్యాదు అయిపోతుంది. నాకు కావాల్సింది అది కాదు. లాయరు నచ్చకపోతే మార్చమని సంస్థను అడగవచ్చని, ప్యానెల్ లాయరు తన దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని, ఆడ లాయర్ కావాలని అడిగినా తప్పు లేదని ఆమెకు మొదటి రోజే తెలియాలి. దరఖాస్తు పెట్టాక ఏడు రోజులు దాటకుండా నిర్ణయం చెప్పాలన్న నియమం ఉందనీ తెలియాలి. ఇవి తెలిసినామె గుమస్తా ముందు కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

పోలిక ఒకటి నా బుర్రలో ఎప్పటినుంచో తిరుగుతోంది. 2022లో నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వారు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే పద్ధతి తెచ్చారు. క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే లాయర్లు. వాళ్లు బయట ప్రైవేటు కేసులు చేయరు, ఇదే పని. మంచి పద్ధతి. జైల్లో ఉన్నవాడికి లాయరు లేకపోతే అదీ అన్యాయమే, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే దెబ్బలు తిన్న ఆడమనిషి డీవీసీ వేస్తే, ఆమె కేసు మాత్రం నలభై సొంత కేసుల మధ్య ఒక ప్యానెల్ ఫైలుగా ఉంటుంది. ఆ ఫైలుకు ప్యానెల్ లాయరుకిచ్చే ఫీజు తక్కువ అన్నది కోర్టు ఆవరణలో అందరూ అనే మాట. గృహహింస కేసులకు కూడా జిల్లాలో కొంతమంది పూర్తికాలం లాయర్లుంటే ఎలా ఉంటుంది? ఇది మీ స్థాయిలో తేలే పని కాదని తెలుసు. రాష్ట్ర సంస్థకూ నల్సాకూ రాయగలిగింది మీరు, నేను కాదు.

ఉచితం అన్నది లాయరు ఫీజుతోనే ఆగిపోతోంది, ఇది ఇంకో బాధ. నా గల్లాపెట్టెలో పడే డబ్బు గురించి నేనే ఇలా రాయడం చూసి మా సందులో వాళ్లు నవ్వుకుంటారు. అయినా సరే. చట్టం ప్రకారం న్యాయ సహాయంలో కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీలు, కాగితాలు తయారు చేయించడం, అచ్చు, అనువాదం ఖర్చు కూడా కలిసి ఉంటాయి. గృహహింస కేసులో ఉత్తర్వు కాపీ ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షన్ విడిగా చెప్పింది. మరి ప్యానెల్ లాయరు ఉన్నామె కూడా నా దగ్గర జెరాక్సుకి డబ్బులు ఎందుకు కడుతోంది? పిటిషన్, దాని వెనక పెళ్లి ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అవతల ఎంతమంది ప్రతివాదులుంటే అన్ని సెట్లు. అత్త, మామ, మరిది, ఆడపడుచు అందరినీ చేర్చిన పిటిషనైతే కట్ట కట్ట అవుతుంది. యార్డులోనో కోల్డ్ స్టోరేజీలోనో మిరపకాయల ముచ్చికలు తీసే ఆడమనిషికి ఒక వాయిదా అంటే ఒక రోజు కూలీ పోవడం. దానికి ఆటో, బస్సు, ఈ కాగితాలు. మీ సంస్థ నుంచి ఒక చీటీ వస్తే చాలు, మా సందులో షాపులు నెలకోసారి బిల్లు పెట్టుకుంటాయి. ఇదేమీ పెద్ద పథకం కాదు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. నేను బాగా ఎరిగినది ఇదే.

ఆడవాళ్లు ఇంట్లోంచి బయటపడేటప్పుడు బీరువా తాళం అత్త నడుముకు ఉంటుంది. పిల్ల చెయ్యి పట్టుకుని కట్టుబట్టలతో వచ్చేస్తారు. ఆ తర్వాత ఎవరి దగ్గరకెళ్లినా మొదటి ప్రశ్న "ఆధార్ ఉందా, పెళ్లి సర్టిఫికెట్ ఉందా, శుభలేఖ ఉందా?" ఆధార్ ఉన్నా అందులో అడ్రసు అత్తవారిది. అత్తవారిల్లు ఏ హైదరాబాదులోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో ఉంటే "అక్కడికెళ్లి వేసుకో" అని తిప్పి పంపిన సందర్భాలున్నాయి. పంపినవాళ్లు ఎవరో మళ్లీ రాయను. 27వ సెక్షన్ ఏమంటోంది? ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట ఉన్న కోర్టులో కూడా వేసుకోవచ్చు. పనిచేసే చోటైనా సరే. తెనాలిలో తల్లి దగ్గర తలదాచుకున్న అమ్మాయి తెనాలిలోనే వేసుకోవచ్చు. మంగళగిరిలో అక్క ఇంట్లో ఉంటే మంగళగిరిలోనే.

డీఐఆర్ లేకపోతే పిటిషన్ తీసుకోరని కూడా జనంలో ఒక మాట ఉంది. అది రావడం ఆలస్యమైతే ఆమె ఎదురుచూస్తూ కూర్చుంటుంది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ప్రభా త్యాగి కేసులో ఆ నివేదిక లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చని చెప్పింది. అలాగే "ఇల్లు మా మామగారి పేరు మీద ఉంది, నాకేం హక్కు" అనుకునేవాళ్లు లెక్కలేనంతమంది. 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహుజా కేసులో ఆ అనుమానం తీరిపోయింది. కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆమె అందులో నివాస హక్కు కోరవచ్చు. ఈ రెండు తీర్పులూ గుమస్తాలు నాచేత టైపు చేయిస్తూనే ఉన్నారు కాబట్టి నాకు తెలిశాయి. తెలియాల్సినామెకు మాత్రం తెలియవు. ఇల్లు వదిలేసి, పిల్లల్ని తీసుకుని, పాత గుంటూరులో ఒక గది అద్దెకు తీసుకుని, "మనకు ఇంటి మీద ఏముందిలే" అనుకుంటుంది.

టైము సంగతి. అర్జీ అందిన మూడు రోజుల్లోగా మామూలుగా మొదటి వాయిదా వేయాలి. మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో తేల్చేందుకు మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. కోర్టుల మీద ఎంత భారముందో కళ్లారా చూసేదాన్ని, అరవై రోజుల్లో తేలలేదని నేను గొడవ పెట్టను. అయితే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు ఉందిగా. అవతలివాళ్లు రాకపోయినా, ఫారం 3 అఫిడవిట్ చూసి, ఆమెను ఇంట్లోంచి గెంటకూడదనో, ఆమె ఉన్న చోటికి రాకూడదనో వెంటనే ఆదేశించే వీలు. ఆమె అవసరం ఆ రాత్రికి, ఆ వారానికి. అయినా అసలు అర్జీ వేసి మధ్యంతరం అడగని ఫైళ్లు నా చేతుల మీదుగా పోతుంటాయి. ప్యానెల్ లాయర్లకు నా మనవి, ఫారం 2 డ్రాఫ్టు పంపిన ప్రతిసారీ దాని వెనక ఫారం 3 కూడా పంపండి. టైపు చేయడానికి నాకు పట్టేది కొద్ది నిమిషాలే.

ఉత్తర్వు వచ్చిందనుకోండి. నెలకు ఇంత కట్టాలని మేజిస్ట్రేటు రాశారు. అతను కట్టడు. ఇక్కడ చాలామందికి లాయరు కనబడడు, కేసు అయిపోయిందిగా అంటారు. నన్నడిగితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. అతను ఉద్యోగి అయితే జీతంలోంచి నేరుగా ఆమెకు ఇవ్వమని యజమానిని ఆదేశించేందుకు 20వ సెక్షన్‌లో దారి ఉంది. రక్షణ ఉత్తర్వు మీరితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, 20 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. మనోవర్తి కేసు వేసినామె అయితే, అదే పాత సీఆర్‌పీసీలో 125, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144, బాకీ పడిన మొత్తం కోసం ఏడాది లోపు అర్జీ పెట్టుకోకపోతే ఆ నెలల డబ్బు మీద ఆ దారి మూసుకుపోతుంది. ఈ ఏడాది గడువు తెలియక పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఉచిత న్యాయ సహాయం ఉత్తర్వు దాకానేనా, డబ్బు చేతిలో పడేదాకానా? ప్యానెల్ లాయరుకు ఫైలు అప్పగించేటప్పుడే వసూలు అర్జీ కూడా ఆయన పనేనని రాసిపెడితే ఈ గొడవ ఉండదు.

రాజీ గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. కొందరికి నచ్చకపోవచ్చు. స్టాంపు పేపరు మీద "ఇకపై ఒకరికొకరికి ఎలాంటి సంబంధం లేదు, మనోవర్తి అడగను, కేసులు పెట్టను" అని రాయించుకుని, ఆమె చేత వేలిముద్ర వేయించి, ఇదే విడాకులని చెప్పి పంపించే పెద్దమనుషులు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. అలాంటి కాగితం నా షాపులో టైపు చేయను, కోర్టు ఇవ్వాల్సిన విడాకులు స్టాంపు పేపరు మీద రావని చెప్పి పంపేస్తాను. నేను చేయకపోతే ఇంకో చోట అవుతుంది. ఆమెకు ఆ రోజు పక్కన ఒక లాయరు కూర్చుని ఉంటే ఆ కాగితం చించి అవతల పారేసేది. లోక్ అదాలత్‌లో ఇలాంటి దౌర్జన్యం ఉండదు, అక్కడ జడ్జిగారు కూర్చుంటారు, ఆ తేడా నాకు తెలుసు. అయినా ఒక్క మాట. భూమి తగాదాలో రాజీ అయితే ఇద్దరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్తారు. గృహహింస కేసులో రాజీ అయితే ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్తారు. లోక్ అదాలత్ అయ్యాక పేపర్లో వచ్చే లెక్కల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టొద్దని నా కోరిక. రాజీ చేసి పంపినామె దగ్గరకు మూడు నెలలకో ఆరు నెలలకో ఒక వాలంటీరు వెళ్లి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి వస్తే, ఆ లెక్క పేపర్లో వేయండి, నేను మొదట చదువుతాను.

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. ఆమెకు చెప్పాల్సింది ఎక్కడ? కోర్టు మెట్ల దగ్గర చెప్తే ఆలస్యమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద హింస ఎదుర్కొన్న స్త్రీలలో సహాయం కోసం ఎవరినైనా అడిగినవాళ్లు 14 శాతమే. ఆ అడిగినవాళ్లు కూడా ఎక్కువగా పుట్టింటివాళ్లనే అడిగారు, పోలీసులు, లాయర్లు ఎక్కడో చివర్లో ఉంటారు. అంటే లీగల్ సర్వీసెస్ ఆఫీసు గడప దాకా వచ్చే ఆడమనిషి అప్పటికే చాలా గడపలు దాటి వచ్చింది. మీరు ఆ ముందు గడపల దగ్గర ఉండాలి.

జీజీహెచ్‌లో, అంటే మన ప్రభుత్వ పెద్దాస్పత్రిలో, కట్టు కట్టించుకుంటూ "బాత్రూంలో జారిపడ్డాను" అని చెప్పే ఆమెను చూసి నర్సమ్మ అర్థం చేసుకుంటుంది, ఏం చేయాలో తోచదు. ఎమ్మెల్సీ, అంటే గాయాల మీద డాక్టరు రాసే మెడికో లీగల్ కాగితం, రాయించుకుంటే తర్వాత అదే పెద్ద సాక్ష్యం అవుతుందని ఆమెకు చెప్పేవాళ్లు ఆ వార్డులో ఎవరు? స్టేషన్‌లో బెంచీ మీద పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నామె ఎదురుగా గోడ మీద ట్రాఫిక్ జరిమానాల పట్టిక ఉంటుంది. దాని పక్కనే ఐదో సెక్షన్ తెలుగులో, బస్సు బోర్డంత అక్షరాల్లో ఉంటే ఎవరికి నష్టం? కింద 15100 అని మీ హెల్ప్‌లైన్, 181 అని మహిళా హెల్ప్‌లైన్. 181 అంటే కొందరికైనా తెలుసు. 15100 గురించి నా కౌంటరు దగ్గర అడిగితే పదిమందిలో ఒకరు కూడా చెప్పరు, అది మీ సొంత నంబరు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, వార్డు సచివాలయం వాళ్లు, డ్వాక్రా సంఘం లీడర్లు, వీళ్లకు మీరు సదస్సులు పెడుతున్నారు, ఫ్లెక్సీల ముందు ఫొటోలు నేనూ చూశాను. సదస్సుకు వచ్చినామెకు ఒక పెన్ను, నోట్‌బుక్ ఇస్తారు. ఫారం 4 కట్ట ఒకటి ఇచ్చి పంపండి, తన వీధిలో అవసరమైనామె చేతిలో పెడుతుంది.

2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం అమలు మీద రాష్ట్రాలను గట్టిగానే అడిగింది. రక్షణాధికారులను జిల్లాలోనే కాకుండా తాలూకా స్థాయిలో కూడా గుర్తించి నియమించాలనీ, స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం హక్కుందని విస్తృతంగా ప్రచారం చేయాలనీ చెప్పింది. మన రాష్ట్రంలో మొదట్లో మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారినే రక్షణాధికారిగా పెట్టారు. ఆ అధికారికి అంగన్‌వాడీల నుంచి పిల్లల హోముల దాకా ఎన్ని పనులో. కాబట్టి మీ వాలంటీర్లు కాలు కదిపితేనే ఇది జరుగుతుంది.

మన ఊరికి ఇది కొత్త పనేమీ కాదు. విధవా వివాహాలకు నిలబడి, ఆడపిల్లల చదువు కోసం 1922లో శారదా నికేతనం పెట్టిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు, లక్ష్మీనారాయణ గారు ఇక్కడివాళ్లే. ఆయన బారిస్టరు చదివిన మనిషి. లా చదివినవాళ్లు ఈ ఊళ్లో ఆడవాళ్ల కోసం కోర్టు బయట కూడా పనిచేశారని గుర్తు చేయడానికే రాశాను, మీకు తెలియదని కాదు.

నేను అడుగుతున్నవి పెద్దగా ఖర్చయ్యేవి కావు. జిల్లాలోని ప్రతి స్టేషన్‌కూ, జీజీహెచ్‌లో క్యాజువాలిటీకీ, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికీ తెలుగు ఫారం 4 వెళ్లాలి. దాని వెనకవైపు మీ ఆఫీసు చిరునామా, మండల న్యాయ సేవాధికార కమిటీలు ఎక్కడున్నాయో, 15100 ఉండాలి. ఇచ్చిన తేదీ, ఇచ్చినవాళ్ల సంతకంతో ఒక రిజిస్టరు పెట్టమని పోలీసు అధికారులకు మీరు రాయాలి. నెలకోసారి ఆ రిజిస్టరు మీ వాలంటీరు చూసి రావాలి. ఎవరైనా ఇవ్వలేదని తెలిస్తే శిక్షించమని నేనడగను, ఇవ్వమని ఇంకోసారి రాయండి చాలు. సంతకం పెట్టాలంటే చెప్పాలి కదా.

తెలుగు ప్రతి మీరు సరిచూసి ఇవ్వండి. కోర్టు తెలుగు కాకుండా మామూలుగా మాట్లాడుకునే తెలుగులో ఉండాలి, చదివి వినిపిస్తే చదువురానామెకూ అర్థమవ్వాలి. కింద సంస్థ సీలు తప్పకుండా ఉండాలి. సీలు లేని కాగితాన్ని మన దగ్గర ఎవరూ లెక్కచేయరు. మొదటి విడత ప్రింట్లు, రెండు వైపులా, నేను ఉచితంగా తీసిస్తాను. పేపరు కట్టలు మాత్రం మీరు పంపాలి. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపినా సరే, వాట్సాప్‌లో పెట్టినా సరే. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిది దాకా షాపు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
కోర్టు సందులో జాబ్ టైపింగ్ చేసే ఒక మహిళ,
గుంటూరు